చేయి పాడిన తొమ్మిది రోజులు

ఇది నేను చేత్తో రాసింది కాదు. రాసే చేయే కదా పడిపోయింది. పైగా తమిళనాడులోని మా గుడియాత్తంలో మాలాంటి వాళ్లకు తెలుగు నోట్లో ఉంటుంది గాని కలంలో ఉండదు. బడిలో చదివింది తమిళం, దుకాణంలో రాసేదీ తమిళమే. చిత్తూరులో టీచరుగా ఉన్న మా మేనకోడలు, నేను చెబుతుంటే రాసిపెట్టింది. నా మాట తీరును పుస్తకాల తెలుగులోకి దిద్దింది. మనుషులు అన్న మాటలను మాత్రం ముట్టుకోవద్దన్నాను. నెలల పేర్లు కూడా మా తమిళ లెక్కవే, పంగుని అంటే మార్చి, ఏప్రిల్ మధ్య నెల. ఇప్పుడు గండం గడిచింది. వేలూరు ఆసుపత్రి బెంచీల మీద నేను కూర్చున్న చోట ఈ రోజు ఇంకెవరో కూర్చుని ఉంటారు. వాళ్ల కోసం చెబుతున్నాను, నా గుండె కుదుటపడడానికీ చెబుతున్నాను.

*పంగుని నెల*

మాది మైకు సెట్టు దుకాణం. పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల ఆయుధపూజలకు పెడతాం. అన్నిటికంటే ఎక్కువ పార్టీ మీటింగులకు. ఈ జిల్లాలో రాజకీయమంటే మైకు ముందు నిలబడి మాట్లాడడమే. ఏ జెండా వాళ్లు పిలిచినా నేను వెళ్లేవాణ్ని. ఒకరినొకరు తిట్టుకునే వాళ్లందరికీ నా ఆంప్లిఫయరు ఒకటే. నేను ఎవరికి ఓటేస్తానో నా భార్య ధనలక్ష్మికి కూడా చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ధనానికి నా గురించి అడక్కుండానే తెలిసే సంగతులు చాలా ఉన్నాయని నాకు తెలియడానికి ఇంత జబ్బు చేయాల్సి వచ్చింది.

ఎన్నికల ముందు వారం. నేతాజీ బొమ్మ దగ్గరో బస్టాండు దగ్గరో రోజూ ఒక మీటింగు. ఆ సాయంత్రం వేదిక మీద పెద్దాయన మంచి ఊపులో ఉండగా మైకు కూత పెట్టింది. మామూలే, నాబు కాస్త తిప్పితే పోతుంది. చేయి పెట్టాను. చేయి నాబు మీదే ఉంది, కళ్లతో చూస్తున్నాను. నాబు తిరగడం లేదు. పాత సెట్టు, పట్టేసింది అనుకున్నాను. కూత పెరిగింది. జనం చెవులు మూసుకున్నారు. వేదిక మీంచి పెద్దాయన "మైక్ సెట్ తంబీ, కొంజం పారుప్పా" అన్నాడు, కాస్త చూడవయ్యా అని. నా తమ్ముడు సంపత్ పరుగున వచ్చి ఒక్క వేలితో నాబు తిప్పేశాడు.

"ఏమన్నా, నిద్దరపోయినావా?" అన్నాడు.

నవ్వాను. నవ్వు ఒక పక్కకే వచ్చిందని వాడు తర్వాత చెప్పాడు. నేను మాత్రం ఎండ దెబ్బ, పిత్తం అనుకుని సోడా తాగి వ్యాన్ వెనక పడుకున్నాను. రెండు గంటలు అలా పోయాయి. చదివే వాళ్లకు నేను చెప్పదలచిన జాగ్రత్త ఇదొక్కటే. మూతి వంకర పోతే, చేయి మాట వినకపోతే సోడా తాగి పడుకోకండి. ఎంత పెద్ద మీటింగైనా సరే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ రెండు గంటల గురించి నేను ఇప్పటికీ నన్ను తిట్టుకుంటాను.

ఇంట్లో అడుగు పెట్టగానే ధనం నా ముఖం చూసింది. "ఏంది, ఈ మూతి ఇట్ల ఉండాది?" అంది. వెంటనే పక్కింటి వాళ్ల కారు తీయించింది. వేలూరు చేరే దాకా నా కుడి చేయి తన ఒళ్లోనే పెట్టుకుంది. ఆ స్పర్శ నాకు తెలియలేదు. చూశాను కాబట్టి తెలిసింది.

*చిత్తిర*

ఆసుపత్రి రోజుల్లో గుర్తున్నది మందులు కాదు, కాచుకోవడం. టోకెను కోసం కాచుకోవడం, పేరు పిలిచే దాకా కాచుకోవడం, పిలిచింది మన పేరేనా అని లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. బెంగాలు నుంచి వచ్చిన ఒకావిడ మా బెంచీలో కూర్చునేది. మా భాష ఆమెకు రాదు, ఆమె భాష మాకు రాదు. రోజూ కమలాపండు వలిచి, గింజలు తీసి, ఒక్కో తొన నా ఎడమ చేతిలో పెట్టేది. ఆమె పేరు అడగడం కూడా చేతకాలేదు.

ఓట్ల లెక్కింపు రోజు హాల్లో టీవీ చుట్టూ జనం మూగారు. జీవితంలో మొదటిసారి ఆ రోజున నాకు పని లేదు. గెలిచిన వాళ్ల ఊరేగింపుకు సంపత్ మైకు పెట్టాడని ఫోనులో విన్నాను. నేను చొక్కా బొత్తాం పెట్టుకోలేక గోడ వైపు తిరిగి ఏడ్చాను. ధనం వచ్చి బొత్తాం పెట్టి, "ఏడిస్తే ఏడవండి, చొక్కాతో తుడుచుకోవద్దండి, ఉతికేది నేను" అంది.

నడక త్వరగానే వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉన్నా వచ్చింది. కుడి చేయి మాత్రం రాలేదు. చేతికి తిరిగి వచ్చే కదలికేదో మొదటి నెలల్లోనే ఎక్కువగా వస్తుందని, ఆ తర్వాత చాలా నెమ్మదని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు క్యాలెండరు చూడాలంటే భయం. మైకు పనివాడికి కుడి చేయి లేకపోతే మిగిలేది బాక్సులు మోసే వాళ్లను అదిలించే నోరే. ఆ నోరు కూడా ముద్దగా ఉంది.

సంపత్ పలమనేరు దారిలో ఎవరో వైద్యుడి దగ్గర తైలం తెచ్చాడు. ఆసుపత్రి మందులు చాలవా అని ధనం మొదట వాడితో గొడవ పడింది. తర్వాత ఆ తైలాన్ని వాడికంటే ఎక్కువ నమ్మింది. పొద్దున్నే భుజం నుంచి వేళ్ల దాకా రుద్ది రుద్ది, నూనె జిడ్డుతో నిగనిగలాడించి గాని బయటికి పంపేది కాదు.

*వైగాసి*

వారానికి నాలుగు రోజులు బస్సులో వేలూరు వెళ్లి వ్యాయామాలు చేసి వచ్చే వాళ్లం. వ్యాయామాల గది ముందున్న వరండా చివరి గదిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు తేన్మొళి, ఊరు కనియంబాడి. వాళ్ల తాత ద్రావిడ పార్టీ మీటింగులకు జెండాలు కట్టిన మనిషి, అందుకే ఆ అచ్చ తమిళ పేరు. తల లోపల పుట్టే అలలను, గుండె చప్పుడును, కండరాల కదలికను తీగలతో పట్టి కంప్యూటరులో పాటగా మార్చడం ఆమె చదువు. చేయి ఇంకా కదలకపోయినా లోపల కండరం కొంచెం ఉలికితే చాలు, కంటికి కనబడనిది చెవికి వినబడుతుందని, అలా వింటూ ప్రయత్నిస్తే మేలు జరగవచ్చని డాక్టరమ్మ మమ్మల్ని ఆమె దగ్గరికి పంపింది. జరుగుతుందని మాట ఇవ్వలేదు.

మొదటి రోజు తలకు తీగల టోపీ పెట్టింది. కళ్లు మూసుకోమంది. రెండు పెద్ద స్పీకర్లు, మంచి సరుకు, ముందు వాటినే చూశాను. కళ్లు మూశాక కొంచెం సేపటికి వేణువు లాంటి స్వరం సన్నగా లేచి, పెరిగి, గదంతా నిండింది. అది నా తలేనట. ముప్పై ఏళ్లు ఊరందరి గొంతులూ పెద్దవి చేశాను గాని, నా లోపల ఇంత మంచి రాగం ఉందని ఎవరూ చెప్పలేదు. అప్పుడే ధనం లోపలికి వచ్చింది. వేణువు టక్కున ఆగిపోయింది.

"నన్ను చూస్తే పాట ఆగిపోతాదా?" అంది ధనం, నడుం మీద చేయి పెట్టి.

కళ్లు తెరిస్తే ఆ అల తగ్గుతుందని తేన్మొళి నవ్వుతూ తమిళంలో వివరించింది. ధనం నమ్మలేదు. వరండాలో అందరికీ నేను చేసిన ద్రోహం చెప్పి వచ్చింది.

తర్వాత చేయి. ముంజేతి మీద రెండు బిళ్లలు అంటించింది, ఒక్కోదాని మీద చిన్న లోహపు బొత్తాం, దానికి తీగ. మోచేతి దగ్గర ఇంకొకటి అంటించి, ఇది ఎర్తు అంది. ఎర్తు అనగానే ఆ పిల్ల మీద నాకు గౌరవం పుట్టింది. పిడికిలి బిగించమంది. బిగించాను, అంటే బిగించాలని అనుకున్నాను. ధనం ఆగలేకపోయింది. "బిగించండి, నేను పట్టుకోనుండా" అంటూ నా ముంజేయి పట్టుకుంది. స్పీకరు గుయ్యిమని మోగింది. లావుగా, నిలకడగా, గది గోడలు తాకే గుయ్యి.

"అయ్యా, కై పాడుదు!" అని తేన్మొళి ఎగిరి గంతేసింది. చేయి పాడుతోందట. ధనం ఏడుస్తూ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. అది కరెంటు హమ్మింగు. ఎర్తు సరిగ్గా లేకపోతే, మైకు పిన్నుకు ఎవరి వేలైనా తగిలితే వచ్చేది అదే. ముప్పై ఏళ్లు ఆ శబ్దాన్ని చంపడమే నా పని. ఇంకా నాలుగుసార్లు చేశాం. నేను బిగించాలనుకున్నప్పుడు పెరగలేదు, ధనం పట్టుకున్నప్పుడల్లా పెరిగింది. తేన్మొళి కొత్త పిల్ల, ఆశ ఎక్కువ. కరెంటు చప్పుడును తీసేసే వడపోత వేస్తే అసలు స్వరం కూడా పోతుందేమోనని వేయలేదు. నిజానికి ఎర్తు బిళ్ల నూనె చర్మం మీద నిలవక జారిపోతోందని నాకు ఆ రోజే అర్థమైంది.

చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు.

ఎట్లా చెప్పను? ఆ సాయంత్రం బస్సులో ధనం నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పంగుని నుంచి ఆమె కన్ను మూయడం నేను చూడలేదు. మరునాటికి బజారు వీధంతా తెలిసింది. లుంగీల కొట్టు వాళ్లు, మగ్గాల వాళ్లు వచ్చి నా చేయి ముట్టుకుని పోయారు. వారం లోపల తమ్ముడి ముఖంలో కూడా రంగు వచ్చింది. నేను నోరు తెరిస్తే ఇదంతా పోతుంది. అది ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గేస్తుంది గాని చెబుతాను. నాకు భయం. ఆ హమ్మింగు తీసేశాక దాని కింద ఏమీ లేకపోతే? హమ్మింగు ఉన్నంత కాలం, దాని కింద ఏదో చిన్న చప్పుడు దాగి ఉందని అనుకోవచ్చు.

తొమ్మిదో రోజున వరండాలో మునిరత్నం నా పక్కన కూర్చున్నాడు. మోర్ధానా కాలువ కింద చెరకు వేసుకునే రైతు, మా తెలుగు మనిషే. అతనికీ కుడి చేయే. అతనికి నూనె రుద్దే వాళ్లెవరూ లేరు. తేన్మొళి ఆ పొద్దున అతనికి బిళ్లలు పెట్టింది. స్పీకరు నోరు మెదపలేదు.

"నాది సచ్చిపోయింది లేన్నా," అన్నాడు మునిరత్నం, నేల చూస్తూ. "నీది పాడతా ఉండాదంట కదా. ఆ పాప చెప్పింది. మన ఇద్దరికీ ఒకే మాసంలో వచ్చినాది. నీ చెయ్యి లేచినాది, నాది లేవలేదంటే, ఇంక నేను ఈడికి వచ్చి ఏం లాబం? రేపటి నుంచి రాను."

ఇక నావల్ల కాలేదు. లేచి నేరుగా ఆ గదిలోకి వెళ్లాను. ధనం నా వెనకే వచ్చింది.

"అది నా చెయ్యి కాదమ్మా," అన్నాను తేన్మొళితో. "కరెంటు. ఎర్తు లేదు. నూనెకు జారిపోతా ఉండాది."

తేన్మొళి ముఖం ఎర్రబడింది. గబగబా నా మోచేతి బిళ్ల పట్టి చూసింది. అది వేలికి ఊడి వచ్చింది. ఆ పిల్ల కుర్చీలో కూలబడి, తాను ఎంత మందికి చెప్పిందో తలుచుకుని ఏడ్చింది. నీ తప్పు కాదు, నేనూ మొదట్లో వందసార్లు ఎర్తు మరిచిపోయి వేదిక మీదే తిట్లు తిన్నానని చెప్పాను. ధనం మాత్రం తల వంచుకుని నిలబడింది. ఆమె గుండె పగలగొట్టానని అనుకున్నాను.

మునిరత్నానికి కూడా చెప్పాం. అతను ఎడమ చేత్తో నా వీపు మీద ఒకటి వేశాడు. "అయితే నువ్వూ నా మాదిరేనా అన్నా! బతికించినావు పో!" అన్నాడు. నా చెడ్డ వార్త విని అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మరునాడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

*ఆని*

ఇక తైలం రాత్రి పూట మాత్రమే. పొద్దున సీకాయపొడితో చేయి కడిగి, స్పిరిటుతో తుడిచి, కొత్త బిళ్లలు అంటించే వాళ్లు. ధనం గోడ పక్కన స్టూలు మీద, నాకు చేతికందనంత దూరంలో. అదీ తేన్మొళి పెట్టిన నియమమే.

హమ్మింగు పోయింది. మిగిలింది సన్నని బుస్సుమనే చప్పుడు, ఏ స్పీకరుకైనా ఉండేది. దాని కింద, నేను భయపడినట్టే, ఏమీ లేదు. రోజూ ఇరవై నిమిషాలు పిడికిలి బిగించాలనుకుంటూ ఆ బుస్సును వినేవాణ్ని. పది రోజులు విన్నాను. ఊళ్లో వాళ్లు "చెయ్యి ఏం పాట పాడింది ఈ రోజు?" అని అడిగితే సంపత్ నాకు అడ్డం వచ్చి మాట మార్చేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో నేను అందరి మీదా కేకలు వేశాను. అన్నంలో ఉప్పు తక్కువని కేక, ఎక్కువని కేక. ధనం ఒక రోజు గరిటె కింద పెట్టి, "అరిస్తే చెయ్యి వస్తాదంటే రోజంతా అరవండి, నేను చెవుల్లో దూది పెట్టుకుంటా. రాదంటే గమ్మునుండండి" అంది. గమ్మునే ఉన్నాను.

ఆని నెలాఖరులో మునిరత్నం చేయి పలికింది. వరండాలో కూర్చుని వింటున్నాను. తలుపు వెనక నుంచి చిటపట అని రెండు చప్పుళ్లు, ఆ వెంటనే మునిరత్నం అరుపు. సంతోషించాను. అసూయ కూడా పడ్డాను. రెండూ నిజమే.

*ఆడి*

ఆడి నెల గాలికి ఆ రోజు కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం అన్నం వేళైందని ధనం స్టూలు మీంచి లేచి సంచి కోసం వంగింది. నేల మీది తీగకు కాలు తగిలి ముందుకు తూలింది. నేను పట్టుకోబోయాను. బిగించాలని అనుకోలేదు, పాట వినాలని అనుకోలేదు. పడిపోతోందని పట్టుకోబోయాను, అంతే. ఎడమ చేయి లేచింది. కుడి చేయి ఉన్న చోటే ఉంది.

స్పీకరు మాత్రం చిటచిటలాడింది. నూనెలో ఆవాలు వేసినట్టు.

ధనం గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. నా దగ్గర ఎవరూ లేరు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. తేన్మొళి వేలు కీబోర్డు మీద అలాగే ఆగిపోయింది. ఈసారి ఎగరలేదు. నా ముఖం వైపు చూసింది, మైకు పనివాడు ఏమంటాడో అని.

"ఇది కరెంటు కాదు," అన్నాను. ధనం కింద కూర్చుండిపోయింది.

ఆ చిటచిటను మళ్లీ రమ్మంటే ఆ రోజు రాలేదు. రెండు రోజులకు వచ్చింది. తర్వాత, పిలిచిన నాలుగుసార్లలో ఒకసారి వచ్చేది. నెల తిరిగేసరికి బొటనవేలు, చూసే వాళ్లు ఓపిగ్గా చూస్తే కనబడేంత, కదిలింది.

*ఐప్పసి*

ఇప్పుడు గ్లాసు పట్టుకోగలను, ముప్పాతిక వరకు నీళ్లుంటే. టంకం పెట్టలేను. నాబు తిప్పగలను గాని ఎంత తిప్పానో వేళ్లకు తెలియదు, చెవికి తెలుస్తుంది. దుకాణం పని సంపత్ చూసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని తప్పులు పడతాను. వాడికి నా చేయి ఎప్పుడు బాగవుతుందా అని నాకంటే ఆత్రం.

మొన్న తేన్మొళి మా అందరి స్వరాలూ కలిపి చేసిన పాటను కాలేజీలో వినిపించింది. బాక్సులు మా దుకాణంవే. మునిరత్నం గుండె దరువు, నా తలలోని వేణువు, మా ఇద్దరి చేతుల చిటపటలు. మొదట్లో, నన్ను అడిగి, ఆ తొమ్మిది రోజుల హమ్మింగును కూడా పెట్టింది. అది మోగగానే జనమంతా సెట్టులో ఏదో చెడిందని మా వైపు చూశారు. సంపత్ చేయి నాబు మీదికి పోయింది. వద్దని నేను వాడి చేయి పట్టి ఆపాను. అదయ్యాక వేణువు మెల్లగా లేచింది, అందరూ సర్దుకుని విన్నారు. మంచి పాట. నాది కాబట్టి చెప్పడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంకా ఎండగానే ఉంది. ధనాన్ని అడిగాను, ఆ గుయ్యిని వింటే నీకు బాధ అనిపించలేదా అని. నిన్ను తొమ్మిది రోజులు మోసం చేశాను, అది కరెంటని నాకు మొదటి రోజే తెలుసు, నీ నిద్ర చెడగొట్టలేక చెప్పలేదని మొదటిసారి ఒప్పుకున్నాను.

ధనం కిటికీ బయటికి చూస్తూ నవ్వింది.

"ముప్పై ఏండ్లు మైకు సెట్టోని ఇంట్లో కాపురం చేసినాను," అంది. "హమ్మింగు నాకు తెలీదా?"

నేను ఆమె వైపు తిరిగాను.

"మొదటిసారి తెలీకుండా పట్టుకున్నా. నా వేలు ఆ బొత్తాం మీద పడితేనే మోగతా ఉండాదని రెండోసారికే తెలిసిపోయింది. ఆ పొద్దు మీ ముఖంలో రవంత ఆశ కనబడినాది. అదే, ఆ పిల్ల ఎగిరినప్పుడు. అందుకని పట్టుకుంటానే ఉన్నా."

"నాకు ఆశ యాడిది? నీ కోసం కదా నేను గమ్మునున్నది."

"మరి నేను ఎవరి కోసం నిద్దర పోయినట్టు పండుకున్నానంటారు, ఈ భుజం మీద?"

బస్సు బజారు వీధిలోకి తిరిగింది. కుదుపుకు ఆమె ముందుకు ఒరిగితే నేను కుడి చేత్తోనే ఆమె చేయి పట్టుకున్నాను. వేళ్లు సగమే ముడుచుకున్నాయి, పట్టు చాలలేదు. మిగతాది ఆమె పట్టుకుంది.